బజారు వీధిని పాదచారులకు అప్పగించాలంటే

ముందుగా తేల్చుకోవలసినది ఏ వీధి అన్నదే. విజయవాడ బీసెంట్ రోడ్డులా ఇప్పటికే కొనుగోలుదారులతో కిటకిటలాడే బజారునే ఎంచుకోవాలి. జనసంచారం లేని వీధిలో వాహనాలను ఆపినంత మాత్రాన అక్కడికి ఎవరూ నడిచి రారు. మళ్లించిన వాహనాలు వెళ్లడానికి పక్కన సమాంతర మార్గం తప్పనిసరిగా ఉండాలి.

తరువాత ఒక వారం పాటు, సంత రోజుతో సహా, నడిచేవారినీ వాహనాలనూ గంటగంటకూ లెక్కించాలి. ఆగి ఉన్న ద్విచక్ర వాహనాల్లో కొనుగోలుదారులవి ఎన్ని, దుకాణదారులవీ వారి సిబ్బందివీ ఎన్ని అన్నది విడిగా రాసుకోవాలి. పార్కింగ్ తీసేస్తే బేరాలు పడిపోతాయన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. దానికి జవాబు ఈ లెక్కలోనే దొరుకుతుంది.

వీధిలో రాళ్లు పరిచే ముందు కొన్నాళ్లు వాహనాలను ఆపి ప్రయోగం చేసి చూడాలి. మోటారు వాహనాల చట్టం (1988) 115వ సెక్షన్ ప్రకారం, నెలకు మించని ఆంక్షకు గెజిట్ ప్రకటన అవసరం లేదు, స్థానికంగా తగిన ప్రచారం చేస్తే చాలు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని స్ట్రోయెట్ వీధిని పాదచారులకు అప్పగించడం కూడా 1962లో ప్రయోగంగానే మొదలైంది.

పథకం నిలిచేదీ కూలేదీ సరుకు రవాణా దగ్గరే. మినీ లారీ నుంచి బస్తాలు దించే హమాలీలతోనూ, టోకు వ్యాపారులతోనూ కూర్చుని మాట్లాడి వేళలు ఖరారు చేయాలి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలను నిషేధించారు కాబట్టి, సరుకు రాకకు మిగిలిన వేళలు ఉన్నాయి. మన పట్టణాల్లోనూ తెల్లవారుజాము వేళను దీనికి కేటాయించి, పగటిపూట అవసరాలకు వీధి చివర నుంచి తోపుడు బండ్లను అనుమతించవచ్చు.

వీధి వ్యాపారులను ఖాళీ చేయించి బజారును అందంగా మార్చామనుకోవడం అన్యాయం, పైగా చట్టవిరుద్ధం కూడా. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వీధి వ్యాపార వ్యవహారాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వారే ఉండాలి. వీధి వ్యాపారుల సర్వే పూర్తికాకుండా ఎవరినీ తొలగించకూడదు. వారి స్థలాలను కమిటీలోనే తేల్చి, నేల మీద గీతలు గీసి చూపాలి.

మధ్యలో ఫైరింజన్‌కూ అంబులెన్స్‌కూ 4 మీటర్ల దారిని ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. ప్రవేశద్వారం వద్ద తీసి పెట్టగలిగే స్తంభాలు మేలు. అయితే చక్రాల కుర్చీ పట్టే సందులోంచి మోటారు సైకిల్ కూడా దూరిపోతుంది గనుక, అలవాటు పడేవరకు అక్కడ ఒక కాపలా మనిషి ఉండి తీరాలి.

ప్రయోగం కుదిరాకే పనులు మొదలుపెట్టి, మురుగు కాలువలనూ, తాగునీటి పైపులనూ, కేబుళ్లనూ ముందుగా సరిచేయాలి. ఆ పైన పాత రోడ్డు పొరను తవ్వి తీసి, దుకాణాల గడపల కన్నా వీధి ఎత్తు పెరగకుండా, కాలువ వైపు వాలు ఉండేలా రాళ్లు పరచాలి. లేకపోతే గట్టి వాన పడగానే నీరు దుకాణాల్లోకి చేరుతుంది.