పాట, ముచ్చట, కాసింత ఆలోచన: ఉదయపు రేడియో కార్యక్రమం నడపడం ఎలా?

హైదరాబాదులో ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య రేడియో పెట్టుకునేవారిలో ఎక్కువమంది వంటింట్లోనో, ఆటోలోనో, దుకాణం షట్టరు ఎత్తే పనిలోనో ఉంటారు కనుక, వారు మీ కార్యక్రమాన్ని మొదటినుంచి చివరివరకు కూర్చుని వినరని ముందే ఒప్పుకోవాలి. పది నిమిషాలు విని వెళ్లిపోయేవారికి కూడా ఒక పాట, ఒక మనిషి గొంతు, వెంట తీసుకుపోయే ఒక మాట దొరకాలి. సామాజిక (కమ్యూనిటీ) రేడియోలోనో, విశ్వవిద్యాలయ రేడియోలోనో, ఇంటర్నెట్ రేడియోలోనో ఇటువంటి గంట కార్యక్రమాన్ని ప్రత్యక్ష ప్రసారంగా నడపదలచినవారి కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. ఇందులో ఆలోచన భాగం, అంటే శ్రోత వెంట తీసుకుపోయే ఆ చిన్న మాట, ఒక్కటే కష్టమైనది. దాదాపు అందరూ పాడుచేసేదీ అదే.

సామగ్రి

దగ్గరి శబ్దాన్నే ఎక్కువగా పట్టే రెండు డైనమిక్ మైకులు, మైకుల శబ్దాన్నీ పాటలనూ కలిపే ఒక చిన్న మిక్సరు, రెండు జతల హెడ్‌ఫోన్లు, పాటలున్న కంప్యూటరు, సెకన్ల ముల్లున్న గోడ గడియారం చాలు. కండెన్సరు మైకు కొనకండి. శబ్దనిరోధం సరిగా లేని గదిలో అది వీధిలోని హారన్లను కూడా శ్రోతలకు వినిపిస్తుంది. నోటికి, మైకుకు మధ్య బెత్తెడు దూరం ఉంచి, మైకును కొద్దిగా పక్కకు తిప్పితే ప, ఫ, భ అక్షరాల దగ్గర ఊపిరి కొట్టుకోదు. మైకు తెరిచి ఉన్నంతసేపు గదిలోని స్పీకరు మూసి ఉండాలి, ఫోన్లు గది బయట ఉండాలి. అతిథి మీకు ఎడమవైపే కూర్చోవాలి.

పాటల వరుస

గంటకు ఆరు పాటలు పెట్టాలి. సినిమా పాట సాధారణంగా నాలుగైదు నిమిషాలు నడుస్తుంది కనుక ఆరు పాటలకే దాదాపు అరగంట పోతుంది. ఏడో పాట పెట్టారంటే అతిథి నోరు నొక్కినట్టే. మొదటి రెండు పాటలూ హుషారైనవి కావాలి, ఎందుకంటే ఆ సమయంలో శ్రోత ఇంకా మీకోసం చెవి ఒగ్గలేదు.

పల్లవికి ముందు వచ్చే వాద్యసంగీతం మీద గబగబా మాట్లాడి, గాయకుడు గొంతెత్తే క్షణానికి సరిగ్గా ఆపడం గొప్ప నేర్పని వాణిజ్య ఎఫ్‌ఎం వ్యాఖ్యాతలు భావిస్తారు. స్వరకర్త ఆ సంగీతాన్ని వినడానికే కూర్చాడు కనుక దాని మీద మాట్లాడకూడదు. ఈ నగరానికి ఇంతకంటే మంచి అలవాటే ఉంది. ఇక్కడి నిజాం ప్రభుత్వపు డెక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఆకాశవాణి వారి వివిధభారతి 1957 అక్టోబరు 3న మొదలైంది. చిత్రం పేరు, రచయిత, సంగీత దర్శకుడు, గాయకులు అనే నాలుగు వివరాలూ చెప్పి పాట వేయడాన్ని ఆ కేంద్రాల పాతతరం వ్యాఖ్యాతల దగ్గర నేర్చుకున్నవారికి పాట మీద అరవవలసిన అవసరం రాదు.

అతిథి

పేరున్నవారిని పిలిస్తే వారు తమ కొత్త పని గురించి నాలుగు తయారు మాటలు చెప్పి వెళతారు. దానికంటే గుడిమల్కాపూర్ మార్కెట్టులో తెల్లవారకముందే పూలు దింపుకునే వ్యాపారిని, మెట్రోలో మొదటి రైలు నడిపే ఉద్యోగిని, ఎర్రగడ్డ రైతుబజారుకు కూరగాయలు తెచ్చే రైతును పిలవండి. ఆరున్నరకే రప్పించి, చాయ్ స్టూడియో బయటనే ఇప్పించి, ఏ విషయం మాట్లాడుకుంటారో చెప్పండి గానీ ప్రశ్నలు ముందుగా ఇవ్వకండి. "మీకెలా అనిపిస్తుందండీ?" అన్న ప్రశ్న నిషిద్ధం, "నిన్న బంతిపూలు కిలో ఎంతకు పోయాయండీ?" అని అడిగితే మిగిలినది వారే చెబుతారు. వారు తెలంగాణ యాసలో మాట్లాడినా, మధ్యలో ఉర్దూ కలిపినా మీరు దిద్దకూడదు.

ముఖాముఖిని ఏడేసి నిమిషాల రెండు భాగాలు చేసి, మధ్యలో ఒక పాట పెట్టాలి. ఆ పాట ఎందుకో తరువాత చెబుతాను. మాట రాజకీయ వార్తల వైపు మళ్లితే మర్యాదగా వెనక్కి తేవాలి. ప్రైవేటు ఎఫ్‌ఎం, సామాజిక రేడియో కేంద్రాలకు సొంతంగా వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు.

ఆలోచన

దీనిని ముఖాముఖి రెండో భాగం ముగిసిన వెంటనే, మధ్యలో పాట గానీ ప్రకటన గానీ లేకుండా, తొంభై సెకన్లకు మించకుండా చెప్పాలి. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన వ్యాఖ్యాత ఒక్కసారిగా గొంతు తగ్గించి, వెనుక వేణువు పెట్టి, ఇంటర్నెట్‌లో దొరికిన సూక్తిని కలాం గారి పేరుమీదనో వివేకానందుని పేరుమీదనో చదవడం నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఆ సూక్తుల్లో చాలావాటిని వారు ఎక్కడా చెప్పలేదన్నది ఒక లోపమైతే, ఏ రోజు చదివినా సరిపోయే మాట ఆ రోజుకు అక్కరలేనిదన్నది అంతకంటే పెద్ద లోపం. ముందే రికార్డు చేసి పెట్టుకున్న ప్రసంగాలకూ ఇదే జబ్బు.

ఆలోచన ఆ రోజు అతిథి నోటినుంచే రావాలి కనుక దానిని ముందురోజు రాసుకోవడం కుదరదు. మొదటి భాగం నడుస్తుండగా వారు చెప్పిన ఒక వస్తువునో, వేళనో, ధరనో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. పెద్ద మాటలను వదిలేయండి. కష్టం, నమ్మకం, జీవితం వంటివి కాగితం మీదికి ఎక్కకూడదు. మధ్యలో పెట్టిన పాట నడిచే నాలుగు నిమిషాల్లో నాలుగైదు వాక్యాలు రాయండి: ముందు వారు చెప్పినది, తరువాత అదే సంగతి శ్రోత రోజూ చూస్తూ కూడా గమనించని చోటు, చివర ఒక ప్రశ్న. ప్రశ్నకు జవాబు రాయకండి. ఉదాహరణకు, తొమ్మిది దాటితే మిగిలిన పూలను సగం ధరకు వదులుకుంటానని వ్యాపారి చెప్పారనుకుందాం. పది గంటలకు గుడి దగ్గర మనం బేరమాడే మూర పూలలో అలా సగం ధరకు వచ్చినవి కూడా ఉండవచ్చునని చెప్పి, ధరలోని ఆ మిగిలిన సగం ఎవరి దగ్గర ఆగిందని అడిగి ఊరుకోండి.

రాసినదానిని మైకు తెరవకముందు ఒకసారి చూసి, "చేయాలి", "ఉండాలి", "నేర్చుకోవాలి" అని ముగిసే ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. ఈ వ్యాసంలో నేను ధారాళంగా వాడుతున్న ఆ క్రియలు వ్యాసంలోనే ఉండాలి. పొద్దున్నే పనిలో ఉన్న మనిషికి రేడియోలోంచి ఎవరో పని పురమాయిస్తే అతడు చేసే మొదటి పని స్టేషను మార్చడం.

అతిథి అప్పటికింకా మీ పక్కనే కూర్చుని ఉంటారన్నది చాలామంది మరచిపోతారు. ఆయన సంపాదనను, ఆమె నిద్రలేమిని మీ మాటకు అలంకారంగా వాడుకుంటే వారు తలదించుకుంటారు, ఆ ఇబ్బంది మైకులో వినిపిస్తుంది. అందుకే పాట నడుస్తుండగానే రాసిన వాక్యాలను వారికి చదివి వినిపించి, "ఈ మాట చెప్పమంటారా?" అని అడగాలి. వద్దంటే వేరేది రాయడానికి సమయం ఉండదు. ఆ రోజు ఆలోచన భాగం లేకుండానే పోనివ్వండి.

గొంతు మార్చకండి. అతిథితో మాట్లాడిన గొంతుతోనే, అదే దూరంలో, వెనుక ఏ సంగీతమూ లేకుండా చెప్పండి. చివరి ప్రశ్న తరువాత మూడు సెకన్లు నిశ్శబ్దం ఉంచాలి, గడియారం చూసి మరీ ఉంచాలి, ఎందుకంటే కొత్తవారికి ఒక్క సెకను కూడా మూడుగా తోస్తుంది. కొన్ని కేంద్రాల్లో నిశ్శబ్దాన్ని పసిగట్టి దానంతటదే అత్యవసర సంగీతం మోగించే ఏర్పాటు ఉంటుంది కనుక, అది ఎన్ని సెకన్లకు పనిచేస్తుందో సాంకేతిక సిబ్బందిని ముందే అడగండి.

ఆ నిశ్శబ్దం తరువాత వచ్చే పాటను ముందురోజే ఎంచుకొని ఉండాలి, దాని ఆరంభం మెల్లగా ఉండాలి. పూల గురించి మాట్లాడాము కదా అని పూల పాట పెట్టకూడదు. విన్నదానినే మళ్లీ పాడి వినిపిస్తే శ్రోత ఆ ప్రశ్నను అక్కడికక్కడే వదిలేస్తాడు.

ముగింపు, లెక్కలు

చివరి ఐదు నిమిషాల్లో వాతావరణం, ట్రాఫిక్ సమాచారం చెప్పండి. వీటిని వార్తలుగా లెక్కించరు. అతిథికి ఒక్క వాక్యంలో కృతజ్ఞతలు తెలిపి, ఎనిమిదికి పది సెకన్ల ముందు మైకు మూయండి.

లేవకముందే ఆరు పాటల వివరాలూ లాగ్ పుస్తకంలో, అంటే ప్రసారమైనవాటిని నమోదుచేసే పుస్తకంలో, రాయండి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చిన 31డి సెక్షను ప్రసార సంస్థలకు చట్టబద్ధ లైసెన్సు (హక్కుదారుల అనుమతి విడివిడిగా అడగకుండా, నిర్ణయించిన రుసుము చెల్లించి పాటలు వేసుకునే వీలు) కల్పిస్తూనే, వాడిన పాటల రికార్డులు ఉంచాలని కూడా నిర్దేశించింది. ఆ సెక్షను రేడియో, టెలివిజన్లకే పరిమితమనీ, ఇంటర్నెట్‌కు వర్తించదనీ 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది కనుక, ఇంటర్నెట్ రేడియో నడిపేవారు మొదటి పాట వేయకముందే హక్కుదారులతో విడిగా ఒప్పందం చేసుకోవాలి.