మాటల లోగుట్టు – 7వ పాఠం: అంకుశం ఎవరికి లేదు?

పోయిన పాఠంలో 'నిరంకుశం' అనే మాటని నిర్ + అంకుశం అని విడదీసి, 'అదుపు లేనిది' అని అర్థం రాసి వదిలేయడం పొరపాటే అయింది. మహారాష్ట్రలోని ధర్మాబాద్ నుంచీ సిరొంచ నుంచీ వచ్చిన జవాబుల్లో మళ్లీ మళ్లీ ఇదే వాక్యం: "మా సారు నిరంకుశుడు, పిల్లలెంత అల్లరి చేసినా ఏమీ అనడు." అదుపు లేనిది పిల్లలకనుకున్నారు.

అంకుశం మావటి చేతిలో ఉంటుంది, పోటు ఏనుగుకి. ఈ మాటలో ఏనుగు ప్రజలు కాదు, ఏలేవాడు. వాణ్ణి పొడిచి నిలబెట్టే చట్టం, సభ, కోర్టు ఏవీ లేవు. అప్పుడు నలిగేది దారిన పోయేవాళ్లు. సంస్కృతంలో 'నిరంకుశాః కవయః' (కవులు నిరంకుశులు) అన్నప్పుడు ఈ కరకుదనం లేదు. కవికి వ్యాకరణం అడ్డురాదని మాత్రమే. పాలన పక్కన చేరితేనే మాటకి కోరలొస్తాయి.

'నియంత' బొమ్మ దీనికి తలకిందులు. సంస్కృతంలో నియంత అంటే సారథి కూడా, పగ్గాలు పట్టినవాడు. ఇక్కడ అంకుశం లేని ఏనుగు, అక్కడ పగ్గాలన్నీ ఒక్కడి గుప్పిట్లో. చేరేది ఒకే చోటికి.

ఇక గట్టిగా మాట్లాడే ప్రతివాణ్ణీ నిరంకుశుడనేయడం. దీనికి నేను వాడే కొలత ఒక్కటే: "వీణ్ణి అడిగేవాడున్నాడా?" అర్జీలో సంతకం లేదని తహసీల్దారు వెనక్కి పంపితే అది కఠినం, పైన కలెక్టరున్నాడు. ఇంట్లో అత్తగారి మాటే చెల్లితే పెత్తనం. నాందేడ్ 1948 సెప్టెంబరు దాకా నిజాం ఏలుబడిలో ఉంది; ఆయన్ని దించే ఓటు ఎవరికీ లేదు. అది నిరంకుశ పాలన. ఎన్నికైన ప్రభుత్వానికీ ఈ మాట తగలొచ్చు: 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టి, పత్రికలకు సెన్సారు వేసి, విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. 1977 మార్చిలో ఓటరు అంకుశం చేతబట్టి ఆ ప్రభుత్వాన్ని దించాడు.

మరాఠీ బడిలో చదివినవాళ్లకి ఇంకో మాట. అక్కడ 'పాలక్' అంటే తల్లిదండ్రులు (పాలకూర సంగతి వేరు). 'పాలక్ సభ'ని తెలుగులో 'పాలకుల సభ' అని రాస్తే మంత్రులు దిగాలి.

అభ్యాసం: మరాఠీ పేపర్లో 'హుకూమ్‌శాహీ' (ఒక్కడి హుకుం మీద నడిచే పాలన) ఉన్న ఐదు వాక్యాలు వెతికి తెలుగు చేయండి. నిరంకుశత్వం, నియంతృత్వం, పెత్తనం – ఏది కుదిరితే అది. ప్రతిదాని పక్కనా అంకుశం ఎవరి చేతిలో ఉండాల్సిందో రాయండి. అది రాయని జవాబు దిద్దను.