రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారు రక్తనాళాలను కాపాడుకోవడం ఎలా?

రుమటాయిడ్ కీళ్లవాతం వేళ్ల కణుపులకే పరిమితమైన జబ్బు కాదు. కీళ్లలో వాపు పుట్టించే రసాయనాలే రక్తంలో తిరుగుతూ ధమనుల లోపలి పొరను దెబ్బతీసి, అక్కడ కొవ్వు పేరుకునేలా చేస్తాయి. అందుకే ఐరోపా రుమటాలజీ (కీళ్లజబ్బుల వైద్యం) మార్గదర్శకాలు ఈ రోగుల గుండెజబ్బు ముప్పు లెక్కను 1.5తో హెచ్చించమంటాయి.

కాబట్టి ముందు వాపును అదుపులో పెట్టాలి. నొప్పి తగ్గిందని, ఈ వాపును అణిచేందుకు డాక్టరు రాసిన మెథోట్రెక్సేట్ మానకూడదు; అది వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. విజయవాడలోనూ గుంటూరులోనూ మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పి బిళ్లలు బీపీని, స్టెరాయిడ్లు బీపీతోపాటు షుగర్‌నూ పెంచుతాయి. ఈ అలవాటు మన ఇళ్లలో ఇంత మామూలైపోవడం నన్ను నిజంగా కలవరపెడుతోంది. అయితే, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే.

వాపు ఉధృతంగా ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ తక్కువగా కనిపించి మనల్ని మభ్యపెడుతుంది. జబ్బు నెమ్మదించాక చేయించిన పరీక్షనే నమ్మాలి. బీపీ, షుగర్ కూడా క్రమంగా చూపించుకోవాలి.

చుట్ట, సిగరెట్ పూర్తిగా మానాలి. రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించకూడదు గనుక, ఆవకాయ, ఊరమిరపకాయలు రుచికి మాత్రమే వేసుకోవాలి. గోంగూరను నిల్వ పచ్చడిగా కంటే పప్పులో తినడం మేలు. ఉదయం కీళ్లు బిగుసుకుపోయేవారు సాయంత్రం ఎండ తగ్గాక కృష్ణ ఒడ్డున నడవవచ్చు. నడకలో ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా కీళ్లనొప్పిగా భావించక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.