శాంతి పిలుపు ఇచ్చే ముందు మతపెద్దలు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

యుద్ధం నడుస్తున్న దేశంలో ఆయుధాలు దించమని మతపెద్దలు కోరినప్పుడు, ఆ మాట ఎవరు అనిపించారో వెతికేవాళ్లే ముందు పోగవుతారు. 1917 ఆగస్టు 1 తేదీతో పోప్ 15వ బెనెడిక్ట్ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడుతున్న దేశాలకు శాంతి ప్రతిపాదన పంపారు. ఫ్రాన్స్‌లో ఆయనను జర్మన్ల పోపు అన్నవాళ్లున్నారు, జర్మనీలో ఫ్రెంచివాళ్ల పోపు అన్నవాళ్లున్నారు. అంతటి పీఠానికే తప్పని నింద చిన్న ఊరి ఇమాముకో పాస్టరుకో తప్పుతుందా? పిలుపు ఇవ్వవద్దని నేను అనను, ఇచ్చి తీరాలి. కానీ అనుకున్న రోజుకూ ఇచ్చే రోజుకూ మధ్య చేయాల్సిన పని చాలా ఉంది.

ఒంటరిగా ఇవ్వకండి. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో 2013లో సెలెకా అనే తిరుగుబాటు దళాలు రాజధాని బాంగీని పట్టుకున్నాయి. వాటిలో ఎక్కువమంది ముస్లింలు. వారిపై లేచిన యాంటీ బలాకా దళాల్లో ఎక్కువమంది ముస్లిమేతరులు. ఇది మతయుద్ధం కాదని ఆర్చిబిషప్ డియుడొన్నే న్జపలైంగా, ఇమాము ఉమర్ కొబిన్ లయామా, పాస్టరు నికోలస్ గెరెకోయమే గ్బంగు ముగ్గురూ కలిసి చెప్పారు, కలిసే ఊళ్లు తిరిగారు. ఒకే మాట మూడు నోళ్ల నుంచి వస్తే దాన్ని ఏ ఒక్క పక్షానికీ అంటగట్టడం కష్టం. అందరూ ఒకే రోజు, ఒకే పాఠం చదవాలి. ఒకరు శుక్రవారం, మరొకరు ఆదివారం చదివితే, మధ్యలో ఉన్న ఆ ఒక్క రోజే పుకారుకు చాలు.

ఇక ఆ పాఠం సంగతి. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 'రెండు వైపులా తప్పుంది' అని తూకం వేసినట్టు రాయడం సురక్షితంగా కనిపిస్తుంది. నిన్ననే ఇల్లు కాలిపోయిన మనిషికి మాత్రం ఆ వాక్యం అవమానం. అలాగని ఒక జాతినో తెగనో వేలెత్తి చూపితే రేపు ఆ తెగ పిల్లల మీద దాడి జరుగుతుంది. కాబట్టి చేసినవాళ్ల పుట్టుకను కాకుండా చేసిన పనిని ఖండించండి: ఊరు తగలబెట్టడం, పిల్లల చేతికి తుపాకీ ఇవ్వడం, తిండిగింజల లారీలను ఆపడం. కోరేది కూడా చిన్నదిగా, కంటికి కనిపించేదిగా ఉండాలి. శాంతి కావాలంటే ఏ సేనాని అయినా తల ఊపి ఊరుకుంటాడు. ఫలానా దారిలో మూడు రోజులు అంబులెన్సులను వదలండి అంటే వదిలాడో లేదో లోకానికి తెలుస్తుంది. అనువాదాలను ఆ భాషలో పుట్టి పెరిగినవారికి చదివి వినిపించండి. 'ఆయుధాలు దించండి' అన్నది వాళ్ల చెవికి 'లొంగిపోండి' అని వినిపిస్తే మీ శ్రమంతా వృథా.

ఎల్ సాల్వడార్ ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరో 1980 మార్చి 23న తన ప్రసంగంలో, జనాన్ని చంపమనే ఆజ్ఞలను పాటించనక్కర్లేదని సైనికులకు చెప్పారు. మరునాడు ఒక ఆసుపత్రి ప్రార్థనామందిరంలో పూజ చేస్తుండగా ఆయనను కాల్చి చంపారు. ఆయన తన ప్రాణానికి తెగించి మాట్లాడారు. మీరూ అలా తెగించవచ్చు, అయితే మీ అనుయాయుల ప్రాణాలు పణంగా పెట్టే హక్కు మీకు లేదు. అవతలి దళాల ఆధీనంలో ఉన్న ప్రాంతంలో మీ మతంవారు ఉంటే ముందు వారిని అడగండి. ఇప్పుడు వద్దు అని వారంటే ఆగండి. అక్కడివారి పేర్లు, సంతకాలు ప్రకటనలో ఉండకూడదు. మీ ప్రయాణాల్లో సైనిక వాహనం ఎక్కకండి, అవసరమైతే నడవండి. బయలుదేరే వేళ, తిరిగివచ్చే వేళ ఇద్దరికి చెప్పి వెళ్లండి. చెక్‌పోస్టు దగ్గర ఫోను తీసుకుని చూస్తారు కనుక, ఒక పక్షం నాయకుల నంబర్లు, ఫొటోలు అందులో ఉంచకండి.

ప్రార్థనా స్థలం గురించి మరీ జాగ్రత్తగా మాట్లాడాలి. యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన రెండవ అదనపు ప్రోటోకాల్ అంతర్యుద్ధంలో మతగురువులకు, ప్రజల సాంస్కృతిక లేదా ఆధ్యాత్మిక వారసత్వమైన ప్రార్థనా స్థలాలకు రక్షణ ఇస్తుంది. ఆ స్థలాలను యుద్ధ అవసరాలకు వాడటాన్ని కూడా నిషేధిస్తుంది. ఒక్క తుపాకీని లోపల దాచనిచ్చినా ఆ రక్షణకు మీరే గండి కొట్టినట్టు. చట్టం ఉంది కదా అని 'మా దగ్గరకు రండి, ఇక్కడ భయం లేదు' అని మాత్రం పిలవకండి. 1994లో రువాండాలో న్యమాతా, న్తరామా చర్చిల్లో తలదాచుకున్న వేలమందిని అక్కడే చంపేశారు. కాపలా, నీళ్లు, వెనక నుంచి తప్పించుకునే దారి చూసుకున్నాకే తలుపు తెరవండి.

ప్రకటన చదివిన సాయంత్రమే దొంగ ప్రకటన ఒకటి పుడుతుంది. అసలుదాన్ని మీ గొంతుతో రికార్డు చేసి, వేర్వేరు ఊళ్లలో ముగ్గురి దగ్గర ఉంచండి. ఆపై ఓపిక కావాలి. మొజాంబిక్‌లో బెయిరా ఆర్చిబిషప్ జైమే గొన్సాల్వెస్ మధ్యవర్తుల్లో ఒకరిగా కూర్చున్న, అక్కడి అంతర్యుద్ధం ఆపే చర్చలు 1990 జులైలో రోమ్‌లో మొదలై, 1992 అక్టోబరు 4న ఒప్పందం దాకా వచ్చాయి. రెండేళ్లకు పైగా పట్టింది. పిలుపు తర్వాత వచ్చే ఫోన్లు ఎవరు ఎత్తాలో, మీరు లేని రోజు ఎవరు వెళ్లాలో ముందే రాసిపెట్టుకోండి.

మరొకటి కూడా ముందే తేల్చుకోవాలి. బాంగీలో దాడులు ముదిరినప్పుడు ఇమాము లయామా కుటుంబంతో సహా నెలల తరబడి ఆర్చిబిషప్ నివాసంలోనే ఉన్నారు. మీలో ఎవరి ఇంటి మీదికి మూక వస్తే ఎవరి ఇంట్లో చోటుంటుందో, ఏ దారిన చేరాలో, పిల్లలను ఎవరు తీసుకెళ్తారో ప్రకటన మీద సంతకాలు పెట్టే రోజునే మాట్లాడుకోండి.