సంస్థల భాగస్వామ్యం – 3వ పాఠం: ఎవరి పని ఏది, ఎవరి మాట చెల్లుతుంది

గత పాఠంలో మన ఆరోగ్య కార్యక్రమానికి తోడు రాగల సంస్థల జాబితా రాసుకున్నాం. అందులోంచి ఒక్కదాన్ని ఎంచుకోండి. దానితో ఒప్పందం ఎలా కుదుర్చుకోవాలో ఈరోజు చూద్దాం.

చాలామంది ఆశయంతో మొదలుపెడతారు. ‘ప్రజల ఆరోగ్యం కోసం కలిసి పనిచేస్తాం’ అని రాసి సంతకాలు పెట్టేస్తారు. ఆశయం మీద ఎవరికీ పేచీ ఉండదు. పేచీ వచ్చేది పని దగ్గర, డబ్బు దగ్గర, పేరు దగ్గర. ముందు మాట్లాడాల్సింది వాటి గురించే.

1988లో మొదలైన ప్రపంచ పోలియో నిర్మూలన కార్యక్రమాన్నే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాంకేతిక సలహా, కేసుల నిఘా చూసుకుంది. టీకాల సేకరణ, తల్లిదండ్రులను ఒప్పించడం యూనిసెఫ్ వంతు. రోటరీ ఇంటర్నేషనల్ నిధులు, వాలంటీర్లను తెచ్చింది. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ల్యాబ్ సాయం, వ్యాధి నిపుణులను అందించింది. అప్పట్లో ఏటా సుమారు 3.5 లక్షల మందికి పోలియో వచ్చేది. ఆ తర్వాత అది 99 శాతానికి పైగా తగ్గింది. మన పని ఎంత చిన్నదైనా పంపకం ఇలాగే, ఎవరికి ఏది చేతనవునో దాన్ని బట్టే జరగాలి.

ఇక నిర్ణయాలు. టీకా శిబిరం తేదీ మార్చాలంటే ఎవరిని అడగాలి? ఖర్చుకు ఎవరు సరేననాలి? రోగుల వివరాల్లో ఏవి పంచుకోవచ్చు? దీనికి మాత్రం నా సలహా ఖచ్చితం: లెక్కలు పంచుకోండి, రోగి అనుమతి లేకుండా పేర్లు వద్దు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది మరో ప్రశ్న: ‘ఈ పని వల్ల మీకేం కావాలి?’ ఇది అడగడానికి మొహమాటపడతాం. కానీ ఆసుపత్రికి నెలాఖరు రిపోర్టులో అంకెలు కావాలి. మహిళా సంఘానికి తమ సభ్యులు పని నుంచి వచ్చాక, సాయంత్రం కూడా క్లినిక్ తెరిచి ఉండాలి. రెండూ న్యాయమైనవే. బయటికి చెప్పకపోతే మాత్రం మూడో నెలకల్లా ఒకరు మీటింగులకు రావడం మానేస్తారు, కారణం ఎవరికీ తెలియదు.

అభ్యాసం: ఒక కాగితం మీద మూడు గడులు గీయండి – పని, బాధ్యులు, నిర్ణయం ఎవరిది. ‘బాధ్యులు’ గడిలో ‘ఇద్దరం’ అని రాస్తే కొట్టేసి, ఒక్క సంస్థ పేరే రాయండి. అడుగున, అవతలి సంస్థకేం కావాలో వాళ్ల మాటల్లోనే రాయండి. ఇలాంటి కాగితాన్నే విడిగా నింపమని ఆ సంస్థనూ అడగండి. రెండు కాగితాలకూ పొంతన కుదరని గడులకు చుట్టూ గీత గీయండి. వచ్చే పాఠంలో మొదటి ఉమ్మడి మీటింగ్ పెడతాం. ఎజెండా ఆ గడులే.