చారిత్రక నవల నుంచి తమిళ సినిమా: రహస్యాల పట్టిక మొదలు సెన్సార్ కాపీ దాకా

కల్కి కృష్ణమూర్తి 'పొన్నియిన్ సెల్వన్' 1950 నుంచి 1954 దాకా వారం వారం పత్రికలో వచ్చింది. అయిదు సంపుటాలు, రెండు వేలకు పైగా పేజీలు. 1958లో ఎం.జి.ఆర్. హక్కులు కొన్నా సినిమా కాలేదు. చివరికి మణిరత్నం దాన్ని రెండు భాగాలుగా తీసి 2022 సెప్టెంబరు 30న, 2023 ఏప్రిల్ 28న విడుదల చేశారు. ఆ చోళ కథకు షూటింగ్ చాలా వరకు మన రామోజీ ఫిల్మ్ సిటీలోనే జరిగింది. అలాంటి నవలను పట్టుకుని కృష్ణానగర్‌లోనో ఫిల్మ్‌నగర్‌లోనో కథాచర్చలకు కూర్చున్న రచయితలకూ, అసిస్టెంట్ డైరెక్టర్లకూ పనికొచ్చే సంగతులివి. ఉదాహరణలన్నీ ఆ ఒక్క నవల నుంచే తీసుకున్నాం. కథ మలుపులు ఇందులో బయటపడతాయి కాబట్టి నవల చదవనివాళ్లు ముందు అది చదివి రావడం మంచిది.

ముందు హక్కులు

కల్కి 1954లో చనిపోయారు. తమిళనాడు ప్రభుత్వం 1999లో ఆయన రచనలను జాతీయం చేసింది కాబట్టి మూల నవలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అన్ని నవలలకూ ఇలా కుదరదు. మన చట్టంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1952లో పోయిన అడివి బాపిరాజు నవలలు 2013 నుంచి అందరివీ. 1976లో పోయిన విశ్వనాథ సత్యనారాయణ నవలలకు 2036 చివరిదాకా వారసుల సంతకం కావాలి.

ఎక్కువ మంది జారిపడేది అనువాదం దగ్గర. మూలం స్వేచ్ఛగా దొరికినా, తెలుగు అనువాదానికి అనువాదకుడి కాపీరైట్ వేరుగా ఉంటుంది. తెలుగు పుస్తకం చదివి అందులోని మాటల మీద సీన్లు కట్టుకుంటే ఆ హక్కు కూడా కొనాలి. తమిళ మూలాన్ని తమిళం వచ్చిన మనిషితో చదివించుకుని నోట్స్ రాసుకోవడమే క్షేమం.

హక్కులు కొంటున్నట్టయితే ఒప్పందంలో గడువు, దేశాలు, భాషలు, భాగాల సంఖ్య విడివిడిగా రాయించండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే. హక్కు తీసుకున్న ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, వేరే షరతు రాసి ఉంటే తప్ప, ఒప్పందం చెల్లిపోతుంది. ఇంత పెద్ద సినిమా ఏడాదిలో సెట్ మీదికి వెళ్లడం అరుదు కాబట్టి ఆ షరతు మర్చిపోకూడదు.

సంఘటనలు కాదు, రహస్యాలు లెక్కపెట్టండి

చాలా బృందాలు అధ్యాయాల వారీగా సంఘటనల జాబితా వేసుకుని, బాగున్నవాటికి టిక్ పెట్టి, మిగతావి కొట్టేస్తాయి. ఆ పద్ధతిలో రాసిన స్క్రిప్టు ఇంటర్వెల్ తర్వాత కుప్పకూలుతుంది. ఈ తరహా రాజకుట్ర నవలలో కథను నడిపేది ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలిసింది అన్నదే. అందుకే వన్‌లైన్ ఆర్డర్ (సీన్ల వరుస) కంటే ముందు ఒక రహస్యాల పట్టిక తయారు చేయాలి. గోడ మీద పెద్ద చార్టు అంటించి నాలుగు గడులు గీయండి: రహస్యం ఏమిటి, మొదట ఎవరికి తెలుసు, తర్వాత ఎవరెవరికి ఏ సీన్లో తెలుస్తుంది, ప్రేక్షకుడికి ఎప్పుడు తెలుస్తుంది.

కడంబూరు కోటలో రాత్రి సమావేశం తీసుకుందాం. రాజు సుందర చోళుడి కొడుకులను పక్కనపెట్టి ఆయన పెదనాన్న కొడుకు మధురాంతకుడికి పట్టం కట్టాలని సామంతులు మంతనాలాడుతుంటే, రాజు పెద్ద కొడుకు ఆదిత్య కరికాలన్ పంపిన వందియదేవన్ చాటుగా వింటాడు. సామంతుల్లో పెద్ద అయిన పళువేట్టరాయర్ వెంట వచ్చిన మూసిన పల్లకీలో ఉన్నది ఆయన భార్య రాణి నందిని కాదు, మధురాంతకుడే అని కూడా అక్కడే తెలుస్తుంది. ఆ ఒక్క రహస్యం వందియదేవన్ నోటి నుంచి రాజు కూతురు కుందవైకి చేరాలి. ఆమె కబురు పట్టుకుని అతను లంకలో ఉన్న ఆమె తమ్ముడు అరుళ్‌మొళి దగ్గరికి పోవాలి. కంచిలో ఉన్న ఆదిత్య కరికాలన్‌కు ఇంకో దారిలో అందాలి. గుర్రాలు, పడవలు, తుపాను, అన్నీ ఈ కబురు మోతలో భాగమే. ఒక పాత్రకు సంగతి రెండు సీన్లు ముందే తెలిసిపోయిందా, ఆ పాత్ర తర్వాత చేసే ప్రయాణానికి కారణమే ఉండదు. చార్టులో ఆ ఖాళీ వెంటనే కనిపిస్తుంది, బౌండ్ స్క్రిప్టులో మాత్రం దొరకదు.

పాత్రను తీసేసేటప్పుడు కూడా ఇదే లెక్క. 'ఈ పాత్ర లేకపోతే కథ నడుస్తుందా' అనే ప్రశ్న చాలదు. ఆ పాత్ర చేతిలో ఉన్న రహస్యాన్ని ఎవరికి అప్పగిస్తున్నామో రాసుకోవాలి. నవలలో గుడికి పూలమాలలు కట్టే సేందన్ అముదనే అసలు మధురాంతకుడు. పుట్టినప్పుడే బిడ్డలు మారిపోయారు. సెంబియన్ మహాదేవి తన కొడుకుగా పెరిగినవాడికి పట్టం వద్దనడానికి లోపలి కారణం అదే. సినిమా ఈ బిడ్డల మార్పిడిని వదిలేసింది. అలా వదిలినప్పుడు ఆ తల్లి అభ్యంతరానికి వేరే ఆధారం కావాలి. అది నవలలోనే పైకి చెప్పే కారణంగా ఉంది: కొడుకు రాజ్యం కోరకుండా శివభక్తిలో బతకాలన్నది ఆమె భర్త గండరాదిత్యుడి కోరిక. లోపలి కారణం పోయింది కనుక పైకారణమే బరువు మొయ్యాలి, ఆ నటికి ఒక సీన్ అదనంగా ఇవ్వాలి. కొత్త కారణం కల్పించే ముందు ఎప్పుడూ మూలంలోనే వెతకండి. వారపత్రిక రచయితలు ఒక్కో పనికి రెండు మూడు కారణాలు నాటి పెడతారు.

కడంబూరు దొర కూతురు మణిమేకలైని కూడా సినిమా పూర్తిగా తొలగించింది. ఆమె ప్రేమ, కరికాలన్ హత్య జరిగిన రాత్రి చిక్కుముడిలో ఆమె పాత్ర, నవల ముగింపులో ఆమె మరణం, అన్నీ పోయాయి. నవల ప్రేమికులకు ఇది గుచ్చుకుంటుంది, గుచ్చుకోవడం న్యాయమే. కానీ రెండు భాగాల సినిమా ముగింపుకు వచ్చాక కొత్త దుఃఖాన్ని తలకెత్తుకోలేదు. ఇక్కడ కోత సరైనదే అని మా అభిప్రాయం.

కొన్ని రహస్యాలను మాటల్లేకుండా చూపించే దారి దొరికితే వదలకండి. నందిని, మూగ స్త్రీ మందాకిని పోలికలను నవల ఎన్నో పేజీల్లో పరుస్తుంది. సినిమాలో ఇద్దరినీ ఐశ్వర్యరాయ్ చేత వేయించడంతో ఆ పేజీలు ఒక్క క్లోజప్‌లో అయిపోయాయి.

నిడివి, మొదలు

స్క్రిప్టు పేజీకి ఒక నిమిషం అనుకుంటే రెండు భాగాలకు కలిపి 330 పేజీలు దాటకూడదు. కోత మొదట పడాల్సినవి వారపత్రిక అవసరాలు. వారం గడిచాక చదివేవాడికి గుర్తుచేయడానికి రాసిన పునశ్చరణలు, వారం చివరి ఉలికిపాట్లు, అనుకోకుండా ఎదురుపడటాలు, చాటుగా వినడాలు. పత్రికలో వారానికొకటి చొప్పున ఇవి ముచ్చటగా ఉంటాయి. తెర మీద గంటలో అయిదుసార్లు వస్తే నమ్మకం పోతుంది. ఒక్కో సగానికి ఒక్క యాదృచ్ఛికం చాలు, మిగతాచోట్ల పాత్ర వెతుక్కుంటూ వచ్చినట్టు మార్చండి.

నవల ఆడి పండుగనాడు వీరనారాయణ చెరువు గట్టున వందియదేవన్ గుర్రంతో మొదలవుతుంది. సినిమా అంతకంటే వెనక్కి వెళ్లి, రాష్ట్రకూటులతో కరికాలన్ యుద్ధాన్ని, వందియదేవన్‌ను అతను పంపడాన్ని ముందు చూపించింది. చదివేవాడు ఎవరు పంపారో తర్వాత తెలుసుకోవడానికి ఓపిక పడతాడు. చూసేవాడికి పంపినవాడి ముఖం కావాలి, లేకపోతే గంట తర్వాత వచ్చే కరికాలన్ పరాయివాడిలా ఉంటాడు.

కథనాన్ని మనుషుల మీద పరీక్షించడానికి రంగస్థలం మంచి మార్గం. ఈ సినిమా కథనంలో పాలుపంచుకున్న కుమరవేల్ అంతకుముందే, 1999లో, ఈ నవలను నాటకానికి మలిచారు. నటులతో ఒక పూట కూర్చుని మొత్తం స్క్రిప్టు పైకి చదివించండి. ఎవరైనా 'ఇతనెవరు?' అని వెనక్కి తిప్పిన ప్రతి పేజీకీ గుర్తు పెట్టండి.

కాలం తప్పులు ఎక్కడ దొర్లుతాయంటే

ఆదిత్య కరికాలన్ హత్య 970 ప్రాంతంలో జరిగింది. తర్వాత రాజరాజుగా పేరుపడ్డ అరుళ్‌మొళి పట్టాభిషేకం 985లో, తంజావూరు పెద్ద గుడి 1010లో. కాబట్టి తంజావూరు సెట్‌లో దూరంగా కూడా ఆ గుడి శిఖరం కనిపించకూడదు. రంగులు వేసిన ఎత్తయిన గోపురాలు ఇంకా తర్వాతివి. గోల్కొండ దగ్గరే ఉంది కదా అని కోట సీన్లు అక్కడ పెట్టుకుంటే కమానులు, గుమ్మటాలు పట్టిస్తాయి. చోళులది స్తంభం మీద దూలం పెట్టే కట్టడం. ఇంకో తప్పు, కోటలకు, గుళ్లకు పాకురు పట్టించి పాతబడినట్టు పెయింట్ చేయడం. కథాకాలంలో రాతి గుళ్లు కొత్తవి, అంచులు పదునుగా ఉండాలి. రాజభవనాలు ఇటుక, కలప, సున్నంతో కట్టినవి. గంగైకొండ చోళపురం మాళిగైమేడు తవ్వకాల్లో మిగిలింది ఇటుక పునాదులే. అందుకే అక్కడ ఆర్ట్ డైరెక్టర్‌కు స్వేచ్ఛ ఎక్కువ.

నవలలోనే కాలం తప్పితే? నాగపట్నం చూడామణి విహారం కట్టింది రాజరాజు పాలనలో, కథాకాలం తర్వాత మూడు దశాబ్దాలకు పైగా గడిచాక. కానీ పాఠకుల మనసులో ఆ విహారం నిలిచిపోయింది, ఉంచేయడమే సబబు. చరిత్ర, నవల, సినిమా అని మూడు వరుసల్లో రాసుకుని, ఏ తేడాను తెలిసి ఉంచుతున్నామో దర్శకుడి సంతకంతో పెట్టుకుంటే రేపు విలేకరుల ప్రశ్నలకు తడబడక్కర్లేదు.

అందరికంటే ఎక్కువగా మోసం చేసేవి మొక్కలు. మిరప, టమాటా, ఆలుగడ్డ, పల్లీ, మక్కజొన్న, జీడిమామిడి, జామ, బొప్పాయి, సీతాఫలం, పొగాకు ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి, 1498లో పోర్చుగీసులు అడుగుపెట్టాకే మనకు తెలిసినవి. సంత సెట్‌లో రంగు కోసం ఎండుమిర్చి రాశి పోయడం ప్రాపర్టీ వాళ్లకు అలవాటు, ముందే ఆపండి. కూర గుమ్మడి వద్దు, బూడిద గుమ్మడి పరవాలేదు. మిరియాలు, పిప్పళ్లు, పసుపు, అల్లం, నువ్వులు, పెసలు, వంకాయ, పనస, అరటి గెలలు, కొబ్బరి, తమలపాకుల కట్టలు, వక్కలు: సంత నిండుగా కనిపించడానికి ఇవి చాలు. గుడిమల్కాపూర్‌లో పూలకు ఆర్డర్ ఇచ్చేటప్పుడు బంతిపూలు వద్దని స్పష్టంగా చెప్పండి. మల్లె, జాజి, సంపెంగ, తామర, కలువ, గన్నేరు అడగండి. గుడి ముంగిట దేవగన్నేరు చెట్టు కూడా పరదేశిదే. నగరం చుట్టుపక్కల అవుట్‌డోర్ అయితే సర్కారు తుమ్మ, వయ్యారిభామ, నీలగిరి, కాగితం పూలు ఫ్రేములోకి రాకుండా లొకేషన్ చూసిన రోజే ఫొటోలు తీసి గుర్తు పెట్టాలి. సీజీలో (కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో) చెరిపించడం కంటే కెమెరా పది అడుగులు జరపడం చవక.

తాటాకు కమ్మలు ఈ కథలో చేతులు మారుతూనే ఉంటాయి, క్లోజప్‌లో పడతాయి. నల్ల పెన్నుతో రాసిన ఆకు కెమెరాకు ఇట్టే దొరుకుతుంది. గంటంతో గీరి, దీపపు మసిని నూనెలో కలిపి రుద్ది, గుడ్డతో తుడిస్తే గీతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది. లైట్ల వేడికి ఆకు చిట్లుతుంది, కాబట్టి ముఖ్యమైన ప్రతి కమ్మకూ అరడజను నకళ్లు చేయించండి. రాత్రి సీన్లలో నూనె దీపం రంగు 1900 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది. దాచిన ఎల్‌ఈడీలను 2000-2200 మధ్య పెట్టి కొద్దిగా రెపరెపలాడిస్తే రెండు వెలుగులూ కలిసిపోతాయి.

షూటింగ్

రెండు భాగాలు ఒకేసారి తీస్తున్నప్పుడు షెడ్యూల్‌ను సెట్ ప్రకారం వేయండి, భాగం ప్రకారం కాదు. అప్పుడు మొదటి భాగం ఉదయం, రెండో భాగం మధ్యాహ్నం పడొచ్చు. అందుకే సీన్ల మధ్య పొందిక చూసుకునే కంటిన్యుటీ షీట్లో గాయాలు, గడ్డం పొడవుతో పాటు రహస్యాల పట్టిక నంబరు కూడా రాయాలి. ఈ సీన్లో తన పాత్రకు ఏం తెలుసో నటుడికి టేక్‌కు ముందే చెప్పాలి. గుర్రాలకు భారత జంతు సంక్షేమ మండలి అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి. నీడ, నీళ్లు, విశ్రాంతి, పశువైద్యుడు కాల్‌షీట్‌లో భాగం కావాలి, ఒకే గుర్రంతో రోజంతా పరుగులు తీయించకూడదు.

తెలుగు రూపం, సెన్సార్

తమిళ సంభాషణలు తమిళ రచయితే రాయాలి, రెండో డ్రాఫ్టు నుంచే పక్కన కూర్చోవాలి. తెలుగు వెర్షన్‌ను సినిమా అయ్యాక డబ్బింగ్ థియేటర్లో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఒకే మనిషిని అరుళ్‌మొళి, పొన్నియిన్ సెల్వన్, రాజరాజు అని మూడు పేర్లతో పిలిస్తే మన ప్రేక్షకుడు తప్పిపోతాడు. మొదటి అరగంటలో ఒకటే పేరు వాడండి. పైగా మనకు రాజరాజంటే నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడు గుర్తొస్తాడు. ఆయన ఈ రాజరాజుకు కూతురి కొడుకు. వేంగి విమలాదిత్యుణ్ణి పెళ్లాడిన ఆ కూతురి పేరు కూడా కుందవే, మేనత్త పేరు. తెలుగు ప్రచారంలో ఈ బంధుత్వాన్ని ఒక చిన్న వంశవృక్షంగా చూపిస్తే సగం గందరగోళం తీరుతుంది.

మాటల్లో తర్వాతి కాలంలో వచ్చిన అరబీ, పారసీ పదాలు ఖైదు, ఫౌజు, దర్బారు, హుకుం, సిపాయి, జవాబు దొర్లకుండా చూడండి. చెర, సేన, కొలువు, ఆనతి, భటుడు, ప్రత్యుత్తరం ఉండనే ఉన్నాయి. పెదవులు కలిసే ప, బ, మ అక్షరాలు క్లోజప్‌లో తమిళ పదంతో పాటే పడాలి. వెనకనుంచి తీసిన షాట్లలో మాత్రం భావానికే ప్రాధాన్యం ఇవ్వండి.

ప్రతి భాషా రూపానికీ సెన్సార్ అనుమతి కావాలి, దరఖాస్తుకు జంతు సంక్షేమ మండలి నిరభ్యంతర పత్రం జతచేయాలి. పిల్లలు పెద్దల మార్గదర్శనంలో చూడాల్సిన యూఏలోనే ఇప్పుడు 7+, 13+, 16+ అని మెట్లున్నాయి. కుటుంబాలు వస్తాయనుకున్న సినిమాకు 16+ పడితే వసూళ్ల మీద దెబ్బ. కరికాలన్ వీరపాండ్యుడి తల నరికే సీన్ లాంటివి ఆ ప్రమాదం తెస్తాయి. తల కనిపించని ప్రత్యామ్నాయ షాట్ అదే రోజు, అదే లైటింగ్‌లో తీసి పెట్టుకోండి. సెట్ విప్పేశాక దాన్ని తీయాలంటే ఆ గదిని మళ్లీ కట్టాల్సిందే.