పందిపిల్లలకు ఐరన్ సూది మూడో రోజుకే పడాలి

సిమెంటు గచ్చు మీద పందుల్ని పెంచేవాళ్లు ఇది అస్సలు వాయిదా వేయొద్దు, అక్కడ పిల్లలకి మట్టి నుంచి ఇనుము దొరకదు. పిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో ఉండే ఇనుము దాదాపు 50 మిల్లీగ్రాములే, రోజుకి కావాల్సింది 7 దాకా, తల్లిపాలలో వచ్చేది మాత్రం సుమారు 1, కాబట్టి వారం పది రోజుల్లో నిల్వ ఖాళీ. తల్లికి ఐరన్ టానిక్ పోస్తే పాలలోకి వస్తుందనుకుంటారు చాలామంది, రాదు, డబ్బు దండగ.

పుట్టిన మూడో రోజు, మహా అయితే నాలుగో రోజు, ఒక్కో పిల్లకి 200 మిల్లీగ్రాముల ఐరన్ డెక్స్‌ట్రాన్ (ఇనుము ఉండే సూదిమందు) వేయాలి. సీసా మీద మిల్లీలీటరుకి 100 అని ఉంటే 2 మిల్లీలీటర్లు, 200 అని ఉంటే ఒకటే, ఇది చూడకుండా పాత అలవాటు కొద్దీ ఎక్కిస్తే డోసు రెట్టింపవుతుంది. చెవి వెనక మెడ కండలో వేయండి, తొడలో వద్దు, మాంసానికి మచ్చ పడుతుంది. గుచ్చేముందు చర్మాన్ని కాస్త పక్కకి లాగి పట్టుకుని, సూది తీశాక వదిలేస్తే మందు బయటికి కారదు. సన్నటి, పొట్టి సూది చాలు, ఒక ఈతకి ఒకటి మార్చండి.

వేశాక కొద్ది గంటల్లోనే పిల్లలు చనిపోతుంటే తల్లికి విటమిన్ ఇ, సెలీనియం తక్కువై ఉండొచ్చు, మిగతావాటికి ఆపేసి డాక్టర్ని పిలవండి.

చెవులు పాలిపోయి, వెంట్రుకలు గరుకుగా లేచి, కొంచెం పరిగెత్తగానే డొక్కలు ఎగరేస్తుంటే అప్పటికే రక్తం తగ్గినట్టు. పాకలో ఎర్రమట్టి వేయడం పాత పద్ధతే, పనిచేస్తుంది కూడా, కానీ పందులు తిరగని చోటిదే తేవాలి, లేదంటే ఏలికపాముల గుడ్లు దాంతోనే వస్తాయి.